చేపల డాక్టర్‌కి జీతం ఎంత? విజయవాడలో ఒక అక్వేరియం షాపు లెక్క

2022 జూన్‌లో ఒక సోమవారం పొద్దున్నే అక్వేరియం షాపు ఓనరు ఒకాయన నా ఆఫీసుకి వచ్చారు. విజయవాడలో చిన్న చిన్న షాపులకి లెక్కలు రాసి, ట్యాక్స్ కాగితాలు చూడడం నా పని. ఆయన మామూలుగా ఏడాదికి రెండుసార్లు వస్తారు. ఆ రోజు మాత్రం ఒక్క ప్రశ్న కోసం వచ్చారు.

"మాస్టారూ, మా కుర్రాడికి నెలకి 13,500 ఇస్తున్నాను. హైదరాబాద్ నించి వాడికి 24,000కి పిలుపొచ్చింది. నేను 18,000 ఇవ్వగలనా?"

ఆ షాపు లెక్కలు నాకు నోటికొచ్చు. ఇవ్వలేరు. అది ఆయనకీ తెలుసు, అయినా నా నోటితో వినాలని వచ్చారు. ఆ పూటకి "ఒక మూడు వారాలు టైమివ్వండి, వాణ్ణీ ఆగమనండి" అని పంపించాను. ఆ మూడు వారాలు ఏడాదిన్నర అయ్యాయి. మధ్యలో నేను ఇచ్చిన సలహాలు రెండు బోల్తా కొట్టాయి. అవీ కలిపి రాస్తున్నాను. షాపు పేరు, మనుషుల పేర్లు, వీధి రాయడం లేదు.

షాపులో ముగ్గురు: ఓనరు, ఈ కుర్రాడు, ట్యాంకులు కడిగే ఇంకో పిల్లాడు. కుర్రాడంటే నిజానికి 29 ఏళ్లవాడు. ఇంటర్ మధ్యలో ఆపేసి 18 ఏళ్లప్పుడు చేరాడు. కస్టమర్లందరూ అతన్ని "డాక్టర్" అంటారు. నేనూ ఇక్కడ అదే వాడతాను. నా రిజిస్టర్లో మాత్రం అతని పేరు పక్కన "హెల్పర్" అని ఉంది. రాసింది నేనే.

నెల లెక్క

అప్పటికి నెల అమ్మకం సుమారు 2,60,000. చేపలు, మొక్కలు 1,10,000. ట్యాంకులు, ఫిల్టర్లు, లైట్లు లక్ష. మేత, మందులు 50,000.

చేపల కొనుగోలు 44,000. సరుకు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నించి వస్తుంది. కవర్లలో ఆక్సిజన్ నింపి, థర్మోకోల్ పెట్టెల్లో సర్ది రాత్రి బండికి వేస్తారు. పొద్దున్న పెట్టె తెరిచేసరికి కొన్ని పోయి ఉంటాయి, ఆ వారంలో ఇంకొన్ని పోతాయి. అలా చచ్చిన సరుకు నెలకి 14,000. అది పోగా చేపల మీద మిగిలేది 52,000. సామాన్ల మీద 15 శాతం, అంటే 15,000. అంతకంటే ఎక్కువ వేస్తే కస్టమర్ జేబులోంచి ఫోన్ తీసి ఆన్‌లైన్ రేటు చూపిస్తాడు. మేత, మందుల మీద 11,000. మొత్తం 78,000.

ఖర్చులు: అద్దె 18,000, కరెంటు 9,000 (గాలి మోటార్లు 24 గంటలూ తిరగాలి), జీతాలు రెండూ కలిపి 22,500, కవర్లు, సిలిండరు, రవాణా 6,500. అంటే 56,000. ఓనరు ఇంటికి తీసుకెళ్లేది 22,000.

డాక్టర్‌కి 4,500 పెంచితే అది ఈ 22,000లోంచే పోవాలి. ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మనిషిని "మీది తగ్గించుకుని వాడికివ్వండి" అని నేను అడగలేను. అడిగినా నెల రోజులకంటే నడవదు. చిన్న షాపుల జీతాల గురించి బయటివాళ్లు మాట్లాడేటప్పుడు ఓనర్ల పిసినారితనం దగ్గరే ఆగిపోతారు. పిసినారులు లేకపోలేదు. ఈ షాపులో కథ వేరు.

మూడు వారాల నోట్‌బుక్

డాక్టర్ చేతికి ఒక నోట్‌బుక్ ఇచ్చాను. ఐదు నిమిషాలు దాటిన ప్రతి మాటకీ ఒక గీత పెట్టమన్నాను, ఎన్ని నిమిషాలు, చివరికి ఏం కొన్నారు అన్నది పక్కన రాయమన్నాను. నేనూ ఒక శనివారం సాయంత్రం వెళ్లి షాపులో స్టూలు మీద కూర్చున్నాను. అక్కడ చూసిన ఒక కేసు చెప్తాను.

సత్యనారాయణపురం నించి ఒకాయన ఫోన్లో వీడియో పట్టుకొచ్చారు. గోల్డ్‌ఫిష్‌లన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. డాక్టర్ వీడియో సగమే చూసి నాలుగు ప్రశ్నలడిగాడు. ట్యాంకు పెట్టి ఎన్నాళ్లయింది? తొమ్మిది రోజులు. ఎన్ని చేపలు? పన్నెండు. నీళ్లు మున్సిపల్‌వా, బోరువా? మున్సిపల్‌వి. ఫిల్టర్ స్పాంజి కడిగారా? నిన్ననే, కుళాయి కింద శుభ్రంగా కడిగాను అన్నారాయన, కొంచెం గర్వంగానే.

"అదే సార్ చేసిన పని" అన్నాడు డాక్టర్. చేప విసర్జించేది అమోనియా, అది దానికే విషం. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా ఆ అమోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌తో పెద్ద ఇబ్బంది ఉండదు, నీళ్లు మారుస్తుంటే సరిపోతుంది. కొత్త ట్యాంకులో ఈ ఏర్పాటు కుదురుకోవడానికి నాలుగు నించి ఆరు వారాలు పడుతుంది. తొమ్మిది రోజులకి అప్పుడప్పుడే మొలకెత్తుతున్నదాన్ని ఈయన క్లోరిన్ నీళ్లతో కడిగేశారు. ఇకమీదట స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఇప్పటికి రెండు రోజులు మేత బంద్, రోజూ మూడోవంతు నీళ్లు మార్చడం, కొత్త నీళ్లలో క్లోరిన్ పోవడానికి హైపో. "మందేం వద్దు సార్, మందేస్తే ఉన్న బ్యాక్టీరియా కూడా పోతుంది."

17 నిమిషాలు. ఆయన కొన్నది 20 రూపాయల హైపో ప్యాకెట్. ట్యాంకు, ఫిల్టర్, లైటు అన్నీ ఆన్‌లైన్లో తెప్పించుకున్నవే. నా పుస్తకంలోకి వచ్చేది ఆ 20 రూపాయలు. మిగిలే లాభం ఎనిమిది.

మూడు వారాల నోట్‌బుక్‌లో అలాంటి మాటలు 163. సగటున 12 నిమిషాలు, మొత్తం 32 గంటల పైచిలుకు. ఇవి షాపులో నడిచినవే. రాత్రి తొమ్మిది తర్వాత వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు, ఫోన్లు విడిగా 40 ఉన్నాయి. వాటికి అతను నిమిషాలు రాయలేదు. "అవి ఇంటి దగ్గరివి కదండీ" అన్నాడు.

నోట్‌బుక్‌లో నేను అడగని గీతలు కూడా కొన్ని ఉన్నాయి. వాటి పక్కన "ఇవ్వలేదు" అని రాసుంది. ఏంటివి అని అడిగితే చెప్పాడు. రెండడుగుల ట్యాంకుకి "షార్క్" కావాలని వచ్చేవాళ్లు. అక్వేరియం షాపుల్లో షార్క్ పేరుతో అమ్మే ఆ వెండిరంగు పిల్ల పంగాసియస్. మన పశ్చిమ గోదావరి చెరువుల్లో కిలోల లెక్కన పెంచి లారీలకెక్కించే చేపే. రెండడుగుల గాజుపెట్టెలో అదెలా బతుకుతుంది? పిరానా పిల్ల కావాలని వస్తారు. చాలాచోట్ల ఆ పేరుతో చేతిలో పెట్టేది రూప్‌చంద్. అదీ మన చెరువుల్లో తినడానికి పెంచేదే. అద్దాలు శుభ్రం చేస్తుందని సక్కర్ చేప కావాలంటారు. అది అడుగు దాటి పెరిగాక తీసుకెళ్లి కాలవలో వదులుతారు. జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దాన్నే. దాని ఒంటి ముళ్లకి వలలు చిరిగిపోతున్నాయి. డాక్టర్ వీటిని అడిగినవాళ్లకల్లా ఇవ్వడు. ట్యాంకు కొలత అడుగుతాడు, చాలకపోతే వద్దంటాడు. మూడు వారాల్లో అలా 22 మందిని వెనక్కి పంపాడు.

నేను పాతికేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. అమ్మిందే రాస్తాం, కొన్నదే రాస్తాం. తెలిసి అమ్మకుండా ఆపిన సరుకుకి నా పుస్తకంలో కాలమ్ లేదు. ఈ మనిషి పనితనమంతా ఆ లేని కాలమ్‌లోనే ఉంది.

మొదటి బోల్తా

నా మొదటి ఐడియా తేలికైంది. కౌంటర్ మీద బోర్డు పెట్టించాను: "సలహా ఫీజు రూ.100". డాక్టర్ల దగ్గర ఇస్తాం, లాయర్ల దగ్గర ఇస్తాం, ఇక్కడెందుకివ్వరు అనుకున్నాను.

రెండు వారాల్లో ముగ్గురిచ్చారు. మిగతావాళ్లు బోర్డు చదివి నవ్వారు, కొందరు చదివి వెళ్లిపోయారు. పటమట నించి వచ్చే ఒక పెద్దావిడ, షాపు తెరిచిన రోజు నించీ కస్టమర్, ఓనర్ని నిలబెట్టి అడిగారు: "ఏం బాబూ, వంకాయలు అమ్మేవాడు ఎలా వండాలో చెప్తే డబ్బులు పుచ్చుకుంటాడా?" ఆయన అప్పటికప్పుడే బోర్డు తీసి ట్యాంకు వెనక పెట్టేశారు. నాకు ఫోన్ చేసి మూడు నిమిషాలు ఏమీ అనకుండా ఉన్నారు. అది తిట్టు కిందే లెక్క.

ఆవిడ అన్నది తప్పు కాదు. మన దగ్గర కొట్టువాడు చెప్పే మాట కొట్టు మర్యాదలో భాగం. దానికి రేటు కడితే మర్యాద తీసేసినట్టే. కానీ అదే పెద్దావిడ, నెల తిరక్కుండా డాక్టర్ని ఇంటికి పిలిపించుకుని నాలుగడుగుల ట్యాంకు బాగు చేయించుకుని, అడక్కుండానే 500 చేతిలో పెట్టారు. పైగా భోజనం. నోటిమాటకి ఇవ్వరు. గడప దాటి వచ్చిన మనిషికి, చెయ్యి తడిపిన పనికి, కాగితం మీద రాసిచ్చినదానికి ఇస్తారు. తెలివి అదే, అది బయటికొచ్చే దారి మారింది.

దాంతో బోర్డు మార్చాం. కౌంటర్ దగ్గర మాట ఎప్పటిలాగే ఉచితం. నీళ్లు సీసాలో తెస్తే అమోనియా, నైట్రైట్, పీహెచ్ చూసి చీటీ రాసివ్వడం 80 రూపాయలు. ఇంటికెళ్లి చూడడం 350. నెలకి రెండుసార్లు వెళ్లి శుభ్రం చేసే కాంట్రాక్టు మూడడుగుల లోపు ట్యాంకుకి 1,200, అంతకంటే పెద్దదానికి 2,000. అడుగున పెద్ద అక్షరాలతో ఒక ముక్క రాయించాను: "సామాను ఎక్కడ కొన్నా సరే".

ఆ చివరి ముక్క దగ్గర ఓనరుతో గొడవే అయింది. "ఆన్‌లైన్లో కొన్నవాడికి మనం వెళ్లి బిగించాలా?" అని ఆయన రోషం. న్యాయమైన రోషమే. కానీ పెట్టె తెరిచి పైపు ఎటు పెట్టాలో తెలియక ఫోన్ పట్టుకుని వచ్చేది వాళ్లే. ఆన్‌లైన్ కంపెనీ పంపలేనిది ఈ షాపులో ఒకే ఒక్కటుంది. దాన్ని వాళ్లకి అమ్మకపోతే ఇంకెవరికి అమ్మాలి?

చీటీ గురించి ఒక మాట. దాని మీద "డాక్టర్" అని ఉండకూడదని, యాంటీబయాటిక్ పేరు ఏదీ రాయకూడదని గట్టిగా చెప్పాను. అతను వెటర్నరీ చదవలేదు. నీటి అంకెలు, నీళ్లు ఎంత మార్చాలి, మేత ఎన్నాళ్లు ఆపాలి, వేడి ఎంత ఉండాలి, అంతవరకే. అతను వెంటనే ఒప్పుకున్నాడు. "చేప జబ్బుల్లో చాలా మటుకు నీళ్ల జబ్బులేనండీ" అన్నాడు.

రెండో బోల్తా, ఇది నాకు ఎక్కువ నేర్పింది

కాంట్రాక్టులు నెమ్మదిగా వస్తున్నాయి. ఈలోగా డాక్టర్‌కి ఏదో ఒకటి చెయ్యాలి. అందరూ చేసేదే నేనూ చెప్పాను: అమ్మకం మీద ఐదు శాతం కమీషన్. బట్టల షాపుల్లో, సెల్‌ఫోన్ షాపుల్లో నడుస్తున్న పద్ధతే.

రెండు నెలలు తిరిగేసరికి మందుల అమ్మకం దాదాపు రెట్టింపైంది. నేను సంతోషించాను. లెక్కలు రాసేవాడికి పెరిగే అంకె మీద అనుమానం రాదు. ఓనర్‌కి వచ్చింది. "మాస్టారూ, తెల్లమచ్చల మందు సీసాలు ఎప్పుడూ నెలకి పది పోయేవి. ఇప్పుడు పందొమ్మిది. ఊళ్లో చేపలన్నిటికీ ఒకేసారి జబ్బు చేసిందా?"

తెల్లమచ్చల జబ్బు, వాళ్ల భాషలో ఇక్, తొలిరోజుల్లో కనిపెడితే నీటి వేడిని మెల్లగా 30 డిగ్రీల దాకా పెంచి, ఉప్పు వేసి, చాలాసార్లు దారికి తేవచ్చు. డాక్టర్ ఇంతకుముందు అదే చెప్పేవాడు. ఉప్పు కిరాణా కొట్లో దొరుకుతుంది, దాని మీద షాపుకి రూపాయి రాదు. కమీషన్ మొదలయ్యాక అతని చెయ్యి సీసా మీదికి వెళ్లడం మొదలైంది. మందు పనిచెయ్యదని కాదు. అవసరం లేనివాళ్లకి కూడా ఇచ్చాడు. "ఇవ్వలేదు" గీతలు నెలకి నాలుగైదుకి పడిపోయాయి.

ఎవరూ అతన్ని నిలదియ్యలేదు. అతనే వచ్చి ఓనర్‌తో అన్నాడట: "అన్నా, ఆ ఐదు శాతం తీసెయ్ అన్నా. చేపని చూస్తుంటే ముందు రేటు కనపడతంది."

ఆ మాట విన్న రోజు నాకు సిగ్గేసింది. ఏది అమ్మకూడదో తెలిసినవాడికి అమ్మకం మీద కూలి కట్టాను. అతని దగ్గరున్న ఒక్క విలువైన వస్తువునీ నేనే డబ్బిచ్చి పాడుచేయించాను. ఆ నెలాఖరుకి కమీషన్ రద్దు.

చివరికి కుదిరిన పద్ధతి

2022 డిసెంబరు నించి ఇలా మార్చాం. డాక్టర్‌కి స్థిర జీతం 17,000. చీటీలు, ఇళ్లకి వెళ్లడం, కాంట్రాక్టులు, వీటి మీద వచ్చే ఫీజులో పెట్రోలు ఖర్చు తీసేసి మిగిలినదాంట్లో సగం అతనిది. సామాన్ల అమ్మకంతో అతని జీతానికి సంబంధం లేదు. రెండో పిల్లాడికి 9,000 నించి 11,000.

ఇంకొకటి చచ్చిన సరుకు. నెలకి 14,000 పోతోంది కదా. వెనక గదిలో విడిగా ఒక ర్యాకు పెట్టించి, చెన్నై పెట్టెల్లో వచ్చిన చేపల్ని వారం నించి పది రోజులు అక్కడే ఉంచి, ఆ తర్వాతే అమ్మకానికి తెస్తున్నారు. ఈ ర్యాకు కావాలని డాక్టర్ నాలుగేళ్లుగా అడుగుతున్నాడట. "సరుకు పది రోజులు కూర్చుంటే వడ్డీ ఎవడిస్తాడు" అని ఓనర్ ఆపారు. 14,000 నించి ఎంత తగ్గితే అందులో సగం పనివాళ్లిద్దరికీ, సగం షాపుకి అని రాసుకున్నాం. జబ్బు చేపని తొందరగా కస్టమర్‌కి అంటగట్టి లెక్క తగ్గించుకునే వీలుండకూడదు కాబట్టి, అమ్మిన ఐదు రోజుల్లో పోయిన చేపని కూడా షాపులో పోయినట్టే రాయాలని షరతు. మే నెలని మాత్రం లెక్కలోంచి తీసేశాం. విజయవాడ ఎండకి నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ నిలవదు. అలాంటప్పుడు గంట కరెంటు పోతే ఏ పనితనమూ అడ్డుకోలేదు. బ్యాటరీ మోటార్లు కొన్నాక కూడా ఆ మేలో నష్టం తప్పలేదు.

జీఎస్టీ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మే షాపుకి ఏడాది టర్నోవర్ 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ షాపుది 31 లక్షలు, రిజిస్ట్రేషన్ లేదు. కానీ ఫీజు తీసుకోవడం మొదలుపెట్టిన రోజే అది సరుకు మాత్రమే అమ్మే షాపు కాకుండా పోతుంది, పరిమితి 20 లక్షలకి దిగిపోతుంది. బతికున్న చేపల మీద పన్ను లేకపోయినా ఆ అమ్మకం టర్నోవర్‌లో కలుస్తుంది. అంటే 80 రూపాయల చీటీ రాయడం మొదలెట్టిన పుణ్యానికి రిజిస్టర్ చేయించాల్సి వచ్చింది. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపొజిషన్ స్కీములో వేశాను: ఒక శాతం పన్ను, కస్టమర్ దగ్గర విడిగా వసూలు చెయ్యకూడదు. సర్వీసు మాత్రం ఏడాదికి ఐదు లక్షలు, లేదా టర్నోవర్‌లో పది శాతం, ఏది ఎక్కువైతే అంతవరకే. వీళ్లకి ఐదు లక్షలే వర్తిస్తుంది. ఆ ఐదు లక్షలు తర్వాత మళ్లీ అడ్డం తగిలాయి.

నవంబరు 2023

కాంట్రాక్టులు 26. చిన్నవి 19, పెద్దవి 7. క్లినిక్కులు, రెండు హోటల్ లాబీలు, వాస్తుకని అరోవానా చేప పెట్టుకున్న ఇళ్లు. వాటి మీద 36,800, చీటీలు, విడి పిలుపులు 4,000. మొత్తం 40,800. పెట్రోలు 2,600 పోగా చెరి సగం, 19,100. చచ్చిన సరుకు 14,000 నించి 7,500కి దిగింది; తగ్గిన 6,500లో సగం పనివాళ్లిద్దరూ పంచుకుంటే తలా 1,625.

డాక్టర్‌కి ఆ నెల వచ్చింది 37,725.

ఓనర్ లెక్క కూడా వేశాను. పాత 22,000కి ఫీజులో సగం, చావు తగ్గినందుకు 3,250 కలిపి, పెంచిన జీతాలు 5,500, పన్ను ఇంచుమించు 1,900 తీసేస్తే 36,950. పనివాడికి ఓనర్‌కంటే 775 రూపాయలు ఎక్కువ.

కాగితం అటు తిప్పి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ఏడాదిన్నర కిందటికంటే తనకి నెలకి దాదాపు 15,000 ఎక్కువ వస్తోందని ఆయనకి తెలుసు. అయినా కష్టంగానే ఉంటుంది. షాపులో ఆరు లక్షల పెట్టుబడి ఆయనది, అద్దె బాధ్యత ఆయనది, రాత్రి రెండింటికి మోటారు ఆగితే పరిగెత్తేది ఆయన. "మా ఆవిడకి ఈ కాగితం చూపించను మాస్టారూ" అన్నారు చివరికి.

సగం వాటాని 40 శాతం చేద్దామా అని అడిగారు. నేను ముందు గంటలు చూద్దామన్నాను. పాత రోజుల్లో డాక్టర్ రోజుకి పది గంటలు, నెలకి 260 గంటలు పనిచేసేవాడు. గంటకి 52 రూపాయలు. షాపుల చట్టం వారానికి 48 గంటలంటుంది, మా వీధిలో దాన్ని పాటించే కొట్టు నేనింకా చూడలేదు. ఇప్పుడు నెలకి 52 సార్లు ఇళ్లకి వెళ్తున్నాడు, దారి కలుపుకుని 60 గంటలు. వాటికి బదులు షాపులో తగ్గించింది 30 గంటలే. మొత్తం 290 గంటలు, గంటకి 130. ఆదాయం పెరిగింది నిజమే, నిద్ర తగ్గిందీ నిజమే. వాటా తగ్గించడం మానేసి, వారంలో మూడు రోజులు అతను మధ్యాహ్నం రెండింటికి షాపుకి వచ్చేట్టు మార్చాం. ఆ పూటలు కౌంటర్ దగ్గర రెండో పిల్లాడు నిలబడుతున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకి స్పాంజి సంగతి ఇప్పుడు వాడే చెప్తున్నాడు, దాదాపు అవే మాటల్లో.

నా రిజిస్టర్లో "హెల్పర్" కొట్టేసి "టెక్నీషియన్" అని రాశాను. అప్పటి కనీస వేతనాల చట్టం కింద పనితనాన్ని బట్టి తరగతులుండేవి కానీ, ఆ తరగతి నిర్ణయించేది చివరికి నాలాంటి వాడి పెన్నే. మిగతా చట్టాలు ఈ షాపు దాకా రావు. ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ పది మంది దగ్గర మొదలవుతాయి, పీఎఫ్, బోనసు ఇరవై మంది దగ్గర. ఇక్కడ పనిచేసేవాళ్లు ఇద్దరు. అతనికి వైద్య ఖర్చుల బీమా ఒకటి షాపు డబ్బుతో కట్టించమని అడిగాను, వచ్చే ఏడాది అన్నారు.

తేలనిది

26 కాంట్రాక్టుల దగ్గర ఆగాం. నెలకి 40,800 అంటే ఏడాదికి 4,89,600. ఇంకొక్క కాంట్రాక్టు పట్టినా ఐదు లక్షలు దాటుతుంది, కాంపొజిషన్ స్కీము పోతుంది. మామూలు స్కీములోకి వెళ్తే ఫీజు మీద 18 శాతం వెయ్యాలి, 1,200 కాస్తా 1,416 అవుతుంది. తొమ్మిది మంది ఎదురు చూస్తున్నారు.

నాకు తెలిసిన తేలిక దారి ఒకటుంది. సర్వీసు పనంతా డాక్టర్ సొంత పేరు మీదికి మార్చడం. అతని ఆదాయం 20 లక్షల లోపే కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కస్టమర్ మీద పన్ను పడదు. కాంట్రాక్టులు అతనివి, షాపుకి అతను ఫీజులో ఒక వాటా ఇస్తాడు, సామాను షాపులోనే కొంటాడు. లెక్క ప్రకారం ఇద్దరికీ లాభమే. చెప్పాను.

ఓనర్ వెంటనే అన్నారు: "అప్పుడు వాడు రేపు ఎదురుగా షాపు పెడితే?"

పెట్టొచ్చు. పెట్టడని నేను మాటివ్వలేను. 26 ఇళ్ల తాళాలు అతనికి తెలుసు, వాళ్ల కుక్కల పేర్లు కూడా తెలుసు.

ఒప్పందం కాగితం రాశాను. ఏడో షరతు, మూడేళ్ల దాకా ఇన్ని కిలోమీటర్ల లోపు సొంత షాపు పెట్టకూడదు అన్నది, ఓనర్ పట్టుబట్టి పెట్టించారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చదివి వినిపించాను, ఇలాంటి షరతు కోర్టులో నిలవదని చెప్పాను. "నిలవకపోతే పోయింది, కాగితం మీద ఉండనివ్వండి" అన్నారు. అంకె దగ్గర ఖాళీ వదిలాను. ఆయన ఐదు కిలోమీటర్లంటున్నారు. డాక్టర్ కాగితం రెండుసార్లు చదువుకుని, "ఐదంటే ఎందాకా వస్తదండీ, గుణదల లోపలికొస్తదా?" అని అడిగాడు. అదెందుకు అడిగాడో నేనూ అడగలేదు, ఓనరూ అడగలేదు. కాగితం ఇంకా నా డ్రాయర్లోనే ఉంది.